పూలముడి వైండింగు

మొన్న మా మిక్సీ కాలిపోయింది. కందిపచ్చడి రుబ్బుతుంటే ముందు గొంతు మారింది, తర్వాత మూలిగింది, ఆ తర్వాత గుప్పుమని పొగ. స్విచ్చు కట్టేసి కిటికీలన్నీ తెరిచాను గానీ ఆ వాసన ఒక పట్టాన పోతేనా! మా కోడలు ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని "ఏం వాసన అత్తయ్యా ఇది?" అంది. "వార్నిషమ్మా. లోపల రాగితీగ చుట్టల మీద పోసే వార్నిషు" అన్నాను. అని, చేతిలో గరిటె అట్లాగే పట్టుకుని నిలబడిపోయాను. ఆ పిల్ల నాకు షాకు కొట్టిందేమోనని కంగారుపడి కుర్చీ లాక్కొచ్చింది.

షాకూ లేదు, పాడూ లేదు. ఆ వాసన తగిలితే నాకు ఒక మనిషి గుర్తొస్తారు, అంతే.

ఎనభైల్లో సంగతి. మాది కోటప్పకొండ అవతలి మెట్ట ఊరు. మిరప వేసేవాళ్ళం. బావి మీద కరెంటు మోటారు ఉన్న కొద్ది ఇళ్ళలో మాదొకటి. అత్తమామలు పోయారు, పిల్లలు ఇంకా పుట్టలేదు. మా ఆయనకి రాజకీయాల పిచ్చి. తెల్లచొక్కా తొడుక్కుని జీపెక్కితే మాచర్లలో దిగుతాడో గురజాలలో దిగుతాడో ఎక్కేటప్పుడు ఆయనకే తెలిసేది కాదు. పొలం, కూలీలు, మోటారు, అన్నీ నా నెత్తిన పడ్డాయి.

ఆ మోటారుకి వైండింగు, అంటే లోపలి రాగితీగ చుట్టే పని, చేసింది నర్సరావుపేటలో ఒక షాపు. షాపాయన్ని మా ఊళ్ళో అందరూ మోటారు సాయిబు అనేవాళ్ళు. నేను సాయిబు గారూ అని పిలిచేదాన్ని. పొడుగాటి మనిషి, పొడుగైనందుకు ఎవరికో క్షమాపణ చెప్పుకుంటున్నట్టు కాస్త వంగి నడిచేవారు. గళ్ళ లుంగీ, మెడ దాకా గుండీలు పెట్టిన చొక్కా, గోళ్ళ చుట్టూ ఎంత కడిగినా పోని వార్నిషు మరక.

లోకంలో మెకానిక్కులంతా మోటారు చెడితే వస్తారు. ఈయన చెడకముందే వచ్చేవారు. ఎవరూ పిలవకుండా, ఎండనక వాననక పేట నుంచి సైకిలు తొక్కుకుంటూ. ఇంటి వైపు తిరిగి కూడా చూడరు, నేరుగా బావి దగ్గరికే. తిరుగుతున్న మోటారు మీద అరచెయ్యి తిరగేసి ఆనించేవారు, పసిపిల్లకి జ్వరం చూసినట్టు. తర్వాత స్క్రూడ్రైవరు కొసని మోటారుకి తాకించి, పిడిని చెవిలో పెట్టుకుని కళ్ళు మూసుకునేవారు. కూలీలు నవ్వు ఆపుకోలేక పైటలు నోట్లో కుక్కుకునేవాళ్ళు. ఆయన మాత్రం లోపల ఎవరో పాడుతున్నట్టే వినేవారు.

"గొంతు బాగుంది తల్లీ" అనేవారు చివరికి. లేకపోతే, "గ్రీజు అడుగుతంది."

ఆ తర్వాత స్టార్టరు పెట్టె తెరిచేవారు. అసలు తమాషా అప్పుడు మొదలయ్యేది. మోటారు తిరగలేనంత తక్కువ కరెంటు వచ్చినా, మూడు ఫేజుల్లో ఒకటి పోయినా స్టార్టరు దానంతటది దిగిపోతుంది, మోటారు కాలకుండా. నీళ్ళ కోసం మొహం వాచిన రైతు ఊరుకుంటాడా? అది దిగకుండా ఒక పుల్ల దోపుతాడు. మోటారు మూలుగుతూనే తిరుగుతుంది, తిరిగి తిరిగి మాడి చస్తుంది. ఆ పుల్ల గనక కంటబడిందా, అంత మెత్తటి మనిషీ అగ్గిరాముడు అయిపోయేవారు.

"ఎవుర్రా ఈ పుల్ల పెట్టింది? నీ గొంతులో పెడితే ఎట్టుంటదిరా? ఊపిరాడుద్దా?"

మా జీతగాడు మిరపచేలో దూరి కనిపించేవాడు కాదు. ఆయన ఆ పుల్లని ముక్కలు ముక్కలుగా విరిచి, ముక్కల్ని జేబులో వేసుకుని తీసుకుపోయేవారు. అక్కడే పారేస్తే మళ్ళీ వాడతారని భయం. మా పల్నాట్లో నీళ్ళకి కరువు గానీ పుల్లలకి కరువా!

"మోటార్లు కాలితేనే గదా సాయిబుకి కూడు. కాలొద్దని ఊళ్ళమ్మట తిరగతాడేంది? తిక్క మనిషి" అనేవాడు మా ఆయన. ఊరి మాటా అదే. నాకూ అంతు పట్టేది కాదు. పక్క చేను రైతు "ఓ సాయిబూ, మాది గూడా ఓ చూపు చూడు" అని అరిస్తే, "దానికేం, తిరగతానే ఉందిగా" అని అటు కన్నెత్తి చూడకుండానే సైకిలెక్కేవారు. అది కూడా ఆయన షాపులో చుట్టిందే. మా మోటారు మీద ఈ ప్రేమేమిటో!

ఏమిచ్చినా పుచ్చుకునేవారు కాదు. మజ్జిగ ఒక్కటి తాగేవారు, అదీ నిలబడే. నేను బావి గట్టున కూర్చుని ఊళ్ళో సంగతులన్నీ చెప్పేదాన్ని. ఆయన ఊ కొట్టేవారు, అంతకు మించి మాట్లాడేవారు కాదు. నిజం చెప్తున్నాను, ఆ ఇంట్లో మాట్లాడే దిక్కు లేక నా నోరు పిడచగట్టుకుపోయేది. గోడలతో, గేదెతో మాట్లాడుకునేదాన్ని. ఆ సైకిలు గంట వినపడిన రోజు నాకు పండగ.

ఒకసారి మోటారు గరగరమని శబ్దం చేసింది. బేరింగు అరిగిందని ఆయన బావి గట్టు మీదే మూత ఊడదీశారు. లోపల వైండింగుని నేను చూడటం అదే మొదలు. రాగిచుట్టలు వార్నిషు పట్టి బెల్లంపాకం రంగులో మెరుస్తున్నాయి. వాటిని జత చేస్తూ చుట్టూరా నూలుదారంతో వరసగా ముళ్ళు. వంగి చూసి నేను ఠక్కున అనేశాను.

"ఇది పూలు కట్టే ముడి కదా సాయిబు గారూ! మా అమ్మ కనకాంబరాలు ఇట్లాగే కడుతుంది. మెలికేసి, కిందికి లాగి... మీకెట్లా వచ్చింది?"

ఆయన చేతిలో పానా జారి కింద పడింది. దాన్ని తియ్యలేదు. మొదటిసారి, మా బావి గట్టు మీద కూర్చున్నారు.

"నాకు రాదు తల్లీ" అన్నారు. "అది మా ఇంటిదాని చెయ్యి."

షాపు ముందు, ఇల్లు వెనక, మధ్యలో పరదా. ఇనప పనీ, కోతలూ, కాల్చటాలూ ఈయనవి. చెక్క అచ్చు మీద తీగ చుట్టడం, చుట్టల్ని మోటారు లోపలి గాడుల్లో సర్దడం, దారంతో బిగించి కట్టడం పరదా వెనక ఆమె చేసేది. పెళ్ళయిన కొత్తల్లో ఊసుపోక ముట్టుకుందట, తర్వాత ఈయన చుట్టడమే మానేశారు.

"నేను లాగితే తీగ తెగేది. ఆమె చేతిలో అయితే జుట్టు దువ్వినట్టు వచ్చేది" అన్నారు. "పుట్టింటోళ్ళు దర్గా కాడ పూలు కట్టి అమ్మేవోళ్ళు. ఆ ముడే ఇక్కడా ఏసేది. మెకానిక్కు ముడి ఇట్టా ఏస్తారే అని నేర్పబోతే, పూలు జారని ముడి తీగకి జారుద్దా అని నవ్వేది."

"మరి మాకెవరికీ చెప్పలేదేం?"

"ఆడమనిషి చుట్టిందంటే మీ రైతులు మోటారు ఇస్తారా తల్లీ? పరదా ఎనకాలే ఉంచేశా. సాయిబు చెయ్యి మంచిదిరా అని ఊళ్ళన్నీ నన్నే మెచ్చుకున్నయ్. ఆమె లోపల్నించి ఇనేది."

కామెర్లొచ్చి పోయిందట. పిల్లల్లేరు. ఫోటో అయినా లేదు, ఎప్పుడూ దిగలేదు.

"ఆమె చుట్టినయ్యి ఇంకా కొన్ని తిరగతన్నయ్. బొల్లాపల్లిలో ఒకటి, గురజాల రోడ్డున ఒకటి, క్రోసూరు కాడ ఒకటి. ఇంక మీది."

పక్క చేను మోటారు వైపు ఆయన ఎందుకు చూడరో అప్పుడు తెలిసింది. అది ఆమె పోయాక ఈయన చుట్టింది. నాకు దుఃఖం ముంచుకొచ్చి, గేదెకి నీళ్ళు పెట్టాలని వంక చెప్పి లేచి వెళ్ళిపోయాను.

ఆ తర్వాత ఒక్కొక్కటీ కాలుతూ వచ్చాయి. బొల్లాపల్లిది పోయింది. గురజాల రోడ్డుది పోయింది. ఆయన వచ్చి మజ్జిగ తాగి, ఫలానాది పోయింది తల్లీ అనేవారు. ఇంట్లో మనిషి కబురు చెప్పినట్టే ఉండేది.

ఏదో పని మీద పేట వెళ్ళినప్పుడు షాపు దగ్గరికి వెళ్ళాను. మనిషి లేరు. పెరట్లోంచి పొగ. తొంగి చూస్తే, మాడిన పాత చుట్టలు ఊడిరావడానికి మోటారు బాడీ చుట్టూ పిడకలు పేర్చి కిరసనాయిలు పోసి మంట పెట్టారు. నల్లటి పొగ, తల పగిలే కంపు. గోడవతల నుంచి ఒకామె "ఏమయ్యా సాయిబూ, మమ్మల్ని చంపుతావా ఏంది, బట్టలన్నీ వాసన" అని తిడుతోంది. మంట పెట్టి ఎవరైనా లోపలికి పోతారు. ఈయన ఆ పొగలోనే, మంట పక్కన గొంతుక్కూర్చుని ఉన్నారు.

"క్రోసూరుది" అన్నారు నన్ను చూసి.

నేనూ కొంగు మూతికి కట్టుకుని కాస్త ఎడంగా కూర్చున్నాను. ఉండబట్టలేక అడిగాను. "కాల్చకపోతే ఏం? ఆ వార్నిషుని కరగబెట్టి, తీగని తీగగానే తియ్యకూడదా?"

"లక్కయితే కరుగుద్ది తల్లీ" అన్నారు. "గాజుల లక్క చూళ్ళా? వేడి జేస్తే మెత్తబడుద్ది, చల్లారితే గట్టిపడుద్ది, ఎన్నిసార్లయినా. ఈ వార్నిషు అట్టా కాదు. పోసేటప్పుడే నీళ్ళు. ఒక్కసారి వేడికి ఆరి బిగిసిందా, తీగా తీగా కలిసి రాయే. ఇంక కరగటం అనేది లేదు. ఇడిపించాలంటే అది బూడిద కావాల్సిందే."

పుల్లతో నిప్పు ఎగదోశారు. మంట వైపే చూస్తూ అన్నారు.

"మాలో కాల్చరు తల్లీ. ఆమెని మట్టిలోనే పెట్టా. ఆమె చేతిపనిని మాత్రం నా చేత్తో నేనే కాల్చుకుంటన్నా, ఒక్కొక్కటీ."

మంట తగ్గాక ఆయన ఇనప కమ్మీతో లాగితే, ఇనుముని అంత గట్టిగా పట్టుకున్న చుట్టలు బొలబొలా ఊడి వచ్చేశాయి. దారాలు లేవు, ముళ్ళు లేవు. నల్లటి తీగ, కాస్త బూడిద.

"ఇంక మీదొక్కటే" అన్నారు.

ఇంటికొచ్చి నేను చేసిన మొదటి పని స్టార్టరు పెట్టెకి తాళం వెయ్యడం. తాళంచెవి మొలకి కట్టుకున్నాను. కరెంటు తక్కువగా ఉంటే మోటారు వెయ్యనిచ్చేదాన్ని కాదు. జీతగాడు విసుక్కున్నాడు, కూలీలు వింతగా చూశారు, మా ఆయన "నీకూ ఆ సాయిబు తిక్క అంటుకుందే" అన్నాడు. అంటుకుంటే అంటుకుంది! ఆయన వచ్చినప్పుడు నేనే ఎదురెళ్ళి, "గొంతు బాగుంది, నేనూ విన్నాను" అని చెప్పేదాన్ని. అయినా ఆయన స్క్రూడ్రైవరు చెవిలో పెట్టుకునేవారు. ఎంతసేపు పెట్టుకునేవారో! బేరింగు వినడానికి అంతసేపు అక్కర్లేదు. నేను అటు తిరిగి మిరపచేను చూస్తూ కూర్చునేదాన్ని, మొగుడూ పెళ్ళాల మధ్య మనకేం పని అని.

పంచాయతీ ఎలక్షన్లొచ్చాయి, మా ఆయన సర్పంచికి నిలబడ్డాడు. గెలుపు కోసం ఊళ్ళో ఎవరికేం మాటిచ్చాడో లెక్కాపత్రం లేదు. ఒక రైతుకి, నీ చేను తడిపే పూచీ నాది, మా బావి నీళ్ళు పెట్టుకో అని చెప్పాడట. ఆ రోజు నేను పొరుగూళ్ళో మా పిన్నత్త చిలకమ్మ దగ్గర ఉన్నాను. ఆవిడకి జ్వరం. తిరిగొస్తుంటే ఊరి పొలిమేర దగ్గరే గాలి మీద ఆ వాసన తగిలింది. చేతిలో సంచి గట్టున పడేసి పరుగెత్తాను.

పెట్టె తాళం బద్దలుకొట్టి ఉంది. లోపల పుల్ల. ట్రాన్స్‌ఫార్మరు మీద ఒక ఫేజు పోయి ఎంతసేపయిందో! మోటారు మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది. ఆ రైతు బిక్కమొహం వేసుకుని, "అయ్యే పెట్టిపొయ్యాడమ్మా పుల్ల, నీళ్ళాగితే ఓటాగుద్దన్నాడు" అన్నాడు. మా ఆయన అప్పటికే జీపులో ఎక్కడున్నాడో!

మిరప పూత మీద ఉంది. వారం లోపల తడి అందకపోతే పూత మొత్తం రాలిపోతుంది. పేటలో కొత్త షాపొచ్చింది, ఒక్క రోజులో చుట్టిస్తారు, అక్కడికి తోలమని మా ఆయన కబురంపాడు. ఎవరి మాటా వినలేదు. మోటారుని ఎద్దుల బండిలో వేయించి, గడ్డి మీద దాని పక్కనే కూర్చుని సాయిబు గారి షాపుకి తీసుకెళ్ళాను.

ఆయన బండి చూశారు, నా మొహం చూశారు. దింపించి, మూత ఊడదీశారు. బెల్లంపాకం రంగు పోయి బొగ్గయింది. పూలముళ్ళు మాత్రం మాడినా వరసగా అట్లాగే ఉన్నాయి. ఒక ముడి మీద వేలు పెట్టి అక్కడే ఆగిపోయారు.

నేను భోరుమన్నాను. "తాళం కూడా వేశానండీ" అన్నాను చిన్నపిల్లలాగా.

"నువ్వేం జేస్తావు తల్లీ. ఊరుకో."

ఉలీ సుత్తీ తీసుకున్నారు. కాల్చేముందు చుట్టల్ని ఒక వైపు ఉలితో కోసెయ్యాలి. ఉలి ఆనించారు, తీసేశారు. చొక్కా చేతితో మొహం తుడుచుకుని మళ్ళీ ఆనించారు. సుత్తి పైకి లేవలేదు.

"వద్దు సాయిబు గారూ. మిరప పోతే పోనీండి" అన్నాను. నోటితో అన్నాను గానీ నా గుండెల్లో ఆ పూతంతా రాలిపోతూనే ఉంది. ఏడాది కష్టం అది. ఆయనకీ తెలుసు.

లేచి లోపలికి వెళ్ళి, ఇంకో మోటారుని నేల మీద దొర్లించుకుంటూ వచ్చారు. రంగు పోయిన పాత బాడీ.

"ఇది నాదే. నేనే చుట్టా. తిరుగుద్ది, భయపడమాక. ఇది నువ్వు తీసుకుపో. దాన్ని ఇక్కడ ఉంచెయ్" అన్నారు. అని, నేను ఒప్పుకోనేమోనని కాబోలు చేతులు జోడించారు. అంత పెద్ద మనిషి!

నేను ఆ చేతులు పట్టుకుని కిందికి దించాను. వైండింగు పోయినా మాది గట్టి బాడీ, మంచి కంపెనీది. అయితేనేం! బండి ఎక్కించమన్నాను.

ఆ రోజు మా ఇంట్లో జరిగిన రభస ఊరంతా విన్నది. "బంగారమంటి బాడీ ఇచ్చి తుక్కు తెచ్చుకున్నావా! బుర్రుందా నీకు?" అని మా ఆయన గంతులేశాడు. "మీరు ఓట్లకి నీళ్ళు పోసుకోండి. మోటారు సంగతి నేను చూసుకుంటా" అన్నాను. మూడు పూటలు మాటల్లేవు. మిరప బతికింది. మా ఆయన ఎలక్షనులో ఓడిపోయాడు. నాకు పిసరంత బాధ కూడా కలగలేదు.

మార్చుకొచ్చిన మోటారు బాగానే తిరిగింది. నేను ఎప్పటిలాగే మజ్జిగ చిలికి, ఒక చెంబు పక్కన పెట్టేదాన్ని. సైకిలు గంట వినపడితే లేచి చూసేదాన్ని. పోస్టుమేను, ఐసుబండి, ఇంకెవరో. పని ఒత్తిడేమో అనుకున్నాను. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. కాయ ఎర్రబడింది, కోతలు పడ్డాయి, కళ్ళంలో ఆరబోశాం. ఆయన రాలేదు. చెంబులో మజ్జిగ పులిసి, గేదె కుడితిలో పోసేదాన్ని.

గోతాలు కొనాలని పేట వెళ్ళినప్పుడు ఆగలేక షాపుకి వెళ్ళాను. బాగానే ఉన్నారు. అచ్చు ముందు కూర్చుని తీగ చుట్టుకుంటున్నారు. పరదాని ఆనుకుని ఒక చెక్కబల్ల మీద మా మోటారు, మూత తీసి ఉంది. దుమ్ము లేదు. ఆ మాడిన ముళ్ళు బయటికి కనపడేట్టు తిప్పి పెట్టారు.

నాకు సంతోషమూ వేసింది, ఎక్కడో మంటా పుట్టింది.

"ఏమండీ సాయిబు గారూ, మా దారే మర్చిపోయారు. మోటారు ఎట్లా ఉందో, ఏమో, ఒక్కసారి వచ్చి చూసిందీ లేదు" అన్నాను.

ఆయన తీగ లాగడం ఆపి, నేను అడిగిందేమిటో నిజంగానే అర్థం కానట్టు నా వైపు చూశారు.

"అది నేను చుట్టిందే గదా తల్లీ" అన్నారు. "కాలితే తీసుకురా. మళ్ళీ చుడతా."

కోపంతో అన్నది కాదు, విసుగుతో అన్నదీ కాదు. ఉన్నమాట. కూర్చోమని స్టూలు చూపించారు. గోతాల బండి కదులుతోందని చెప్పి వచ్చేశాను. దారి పొడుగునా నన్ను నేనే తిట్టుకున్నాను, నువ్వెవరని వస్తారే ఆయన, నీ మజ్జిగ కోసం వచ్చారనుకున్నావా అని. తిట్టుకున్నా ఏడుపు ఆగలేదు.

ఆయన చెయ్యీ మంచిదే. ఆ మోటారు ఏళ్ళ తరబడి తిరిగింది, ఒక్కనాడూ మొరాయించలేదు. ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నాలు బావి గట్టున ఒక్కదాన్నే కూర్చుని దాని గొంతు వినేదాన్ని. ఇది కాలిపోతే బాగుండును అని ఎన్నిసార్లు అనుకున్నానో.